కొత్తవాళ్లకి ఇచ్చే తాళం

తాళాలు తెరవడం నేర్చుకుంటానని వచ్చే ప్రతివాళ్లూ ముందు చెయ్యి చాచేది దుకాణంలో అన్నిటికంటే పెద్ద తాళం మీదికే. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ చాచిన వేళ్ల మీద ఇనప స్కేలుతో ఒక్కటి అంటించాకే నా పాఠం మొదలవుతుంది. పళ్ల డాక్టరని చూడను, రిటైరైన హెడ్మాస్టరని చూడను. అందరికీ పడింది ఆ దెబ్బ.

నన్ను అందరూ మేస్త్రమ్మ అంటారు. తాళాలు బాగుచేసే దుకాణం మా ఆయనది, ఆయన పోయాక నాది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, వెనకున్న పనిబల్ల చుట్టూ స్టూళ్లు వేసి, సరదాకి నేర్చుకునేవాళ్లకి నేర్పుతాను. వీధిలోవాళ్లు మాది దొంగల బడి అంటారు. అనుకోనీ, వాళ్ల నోటికి తాళం వెయ్యడం నా పని కాదు. మా బడిలో నియమాలు రెండే. నీది కాని తాళం ముట్టుకోకూడదు, వాడుకలో ఉన్న తలుపు తాళం మీద సాధన చెయ్యకూడదు. తప్పినవాణ్ణి మెడపట్టి గెంటుతాను.

సాధనకి తాళం ఎంచడంలోనే సగం విద్య ఉంది. కొందరు లోపలంతా కనిపించే ప్లాస్టిక్ తాళం కొనుక్కొస్తారు. దాంతో కళ్లు నేర్చుకుంటాయి గానీ వేళ్లు నేర్చుకోవు. కొందరు పాత ఇనప సామాను కొట్టునుంచి తుప్పు పట్టినవి ఏరుకొస్తారు. అవి సొంత తాళంచెవికే కదలవు, తాళం తీసే వీళ్ల సన్నటి కొక్కేనికి కదులుతాయా? మరీ చిన్నవైతే చెవికన్నంలో కొక్కెం తిరగదు. కావలసింది అరచేతిలో ఇమిడే మామూలు ఇత్తడి తాళం, కన్నం కాస్త వెడల్పుగా ఉన్నది, లోపల అడ్డుపడే పిన్నులు నాలుగే ఉన్నది. దాన్ని నేనే విప్పి రెండు పిన్నులు తీసేసి ఇస్తాను. అది తెరిస్తే మూడోది వేస్తాను, ఆ తరువాత నాలుగోది.

"గెలుపు రుచి ముందు చూపించు, కష్టం తరవాత వడ్డించు" అనేవాడు మా ఆయన. అదే పద్ధతి నాది. తీసిన పిన్నులు వాళ్ల కళ్లెదుటే సీసాలో వేస్తాను, ఎన్ని తీశానో చెబుతాను. ఇన్నేళ్లలో ఒక్క మనిషికే చెప్పలేదు. ఆ మనిషి నా చెల్లెలు.

ముందు నా కోపం గురించి చెప్పాలి. అది నా ముక్కుమీద ఉండదు, చేతిలోనే ఉంటుంది. రెండేళ్ల కిందట మా చెల్లెలి దవడమీద వాతలు చూశాను. అడిగితే తలుపు తగిలిందంది. తలుపుకి ఐదు వేళ్లు ఎప్పుడు మొలిచాయే అని, కట్టుకున్న పని గుడ్డతోనే లేచాను. మరిది, దాని మొగుడు, లిఫ్టు మెకానిక్కు. ఏదో ఆఫీసు భవనంలో కింది అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచిపెట్టి పని చేసుకుంటున్నాడు. పదిమంది చూస్తుండగా జుట్టు పట్టుకుని బయటికి లాగి నాలుగు పీకాను. ముక్కులోంచి రక్తం కారింది. వాడు చెయ్యెత్తలేదు.

"పెద్దదానివి వదినా, కొట్టు" అని తల వంచుకుని నిలబడ్డాడు.

నేను పెద్ద యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చి టీ పెట్టుకు తాగాను. ఆ నాలుగు దెబ్బలకీ ఆ సాయంత్రమే బెల్టు బిళ్లతో నా చెల్లెలి వీపు చీరేశాడని నాకు తెలియదు. అప్పట్నుంచి అది నాతో చెప్పుకోవడం మానేసింది. ఇవన్నీ తరవాత తెలిసిన సంగతులే అయినా ముందే చెప్పేస్తున్నాను. నన్ను మంచిదాన్ని అనుకుని మీరు ఈ కథ వినడం నాకిష్టం లేదు.

ఆ గొడవ అయిన నెలలోపే మరిది దుకాణానికి వచ్చాడు, చేతులు కట్టుకుని.

"వదినా, జరిగిందేదో జరిగిపోయింది. ఇంట్లో ఆడమనిషీ, పసిపిల్లా ఉంటారు. దొంగల భయం. నీ చేత్తో ఒక మంచి తాళం వెయ్యి" అన్నాడు.

నా గుండె కరిగిపోయింది. ఆరు లివర్ల తలుపు తాళం తీశాను. తలుపు మందంలోనే ఇమిడిపోయేది, లోపలా బయటా చెవికన్నం ఉండేది. పిన్నుల తాళాలన్నీ దాని ముందు బొమ్మలు. మూడో అంతస్తుకి పనిసంచి మోసుకెళ్లి నేనే అమర్చాను. "దొంగ కాదు, దొంగ తాత దిగొచ్చినా ఇది కదలదు" అని వాడి చేతిలో తాళంచెవి పెట్టాను. చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. రాజీ కుదిరిందని మురిసిపోతూ మెట్లు దిగాను.

మర్నాటినుంచి వాడు పొద్దున్నే పనికి పోతూ ఆ తలుపుకి బయటినుంచి తాళం వేసి చెవి జేబులో వేసుకునేవాడు. లోపల నా చెల్లెలు, నాలుగేళ్ల పాప. ఫోను వాడి దగ్గరే. కిటికీలకి ఇనప చట్రాలు. సాయంత్రం వచ్చాక కూరలో ఉప్పెక్కువైందనో, పాప ఏడ్చిందనో, ఏ వంకా దొరక్కపోతే దొరకలేదనో కొట్టేవాడు. పక్కింటివాళ్లు టీవీ సౌండు పెంచుకునేవాళ్లు.

ఆదివారం మాత్రం దాన్ని తనే తీసుకొచ్చి నా దుకాణం ముందు దించేవాడు. రెండు గంటలు. పాపని చంకనేసుకుని వాళ్లమ్మగారింటికి పోయేవాడు. వారానికోసారి చెల్లెలు కళ్లముందు కనిపిస్తే నేను వాళ్లింటి మెట్లు ఎక్కనని వాడి లెక్క. పాప వాడి చంకలో ఉన్నంతసేపూ తల్లికి ఎటూ కదిలే వీలు లేదు, అదీ వాడికి తెలుసు. పిల్లతో కలిసి బయటపడాలంటే దానికి ఒకే ఒక్క దారి ఉంది. మామూలు రోజున, వాడు పనికి వెళ్లాక, నేను బిగించిన ఆ తాళం లోపలినుంచి తెరవాలి.

ఒక ఆదివారం అది బల్ల దగ్గరికి స్టూలు లాక్కుంది.

"నాకూ నేర్పక్కా. ఊరికే, తోచక."

"నువ్వా? సీసా మూత తియ్యడానికే నన్ను పిలిచేదానివి!"

హెడ్మాస్టరు నవ్వాడు. అది నవ్వలేదు. లేచి గోడకి వేలాడే ఆరు లివర్ల తాళం వైపు చెయ్యి చాచింది. నేను అలవాటు ప్రకారం స్కేలు ఎత్తాను. దెబ్బ ఇంకా పడనే లేదు. రెండు చేతులూ తలమీద కప్పుకుని బల్లకింద కూలబడింది.

"ఒక్క స్కేలు దెబ్బకే ఇంత నాటకమా తల్లీ!" అన్నాను నేను. నా నోట్లో పురుగులు పడ. పళ్ల డాక్టరు మాత్రం దాన్ని లేపి కూర్చోబెట్టి, చాలాసేపు నావైపు చూశాడు.

రెండు పిన్నుల తాళం ఇచ్చాను. ఎడమచేతితో బిగింపు కడ్డీని తాళంలో ఎంత నొక్కాలో, కుడిచేతి కొక్కెంతో ఒక్కో పిన్నునీ ఎలా పైకి తొయ్యాలో చూపించాను. మొదటి ఆదివారమే తెరిచింది. మూడో వారానికి నాలుగు పిన్నులదీ తెరిచేసింది. హెడ్మాస్టరు నాలుగు నెలలుగా రెండు పిన్నుల దగ్గరే కాపురం ఉంటున్నాడు.

"మీ చెల్లెలు ముందు పుట్టాల్సింది మేస్త్రమ్మగారూ, దుకాణం బాగుపడేది" అన్నాడాయన.

"మీరు అసలు పుట్టకుండా ఉండాల్సింది, తాళాలు బాగుపడేవి" అన్నాను. ఆయనకి నా తిట్లు పడకపోతే ఆదివారం గడవదు.

ఐదో వారం అది మళ్లీ మొదలుపెట్టింది. పిన్నులవి చాలు, లివర్లది ఇమ్మంది. లివరు తాళం దారి వేరు. ఆరు రేకులు ఒకదాని పక్కన ఒకటి, ఒక్కోదాన్నీ సరిగ్గా దాని ఎత్తుకే లేపాలి. వెంట్రుకంత ఎక్కువైనా గడియ కదలదు. పదేళ్ల చేతివాటం ఉన్నవాళ్లకే చెమటలు పడతాయి. "పాకడం వచ్చిందో లేదో పరుగు పందేనికి పోతావా? నోరు మూసుకుని ఐదు పిన్నులది తియ్" అని కసిరాను. నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగబడి రక్తం చిమ్మేలా పట్టుకుంది.

"అదే కావాలక్కా. మా ఇంటిదాన్లాంటిదే కావాలి."

అందరిముందూ నన్ను అలా పట్టుకున్నందుకు నాకు చిర్రెత్తుకొచ్చింది. విదిలించి కొట్టాను. మోచెయ్యి దాని పెదవికి తగిలి చిట్లింది. అది పెదవి తుడుచుకుని మళ్లీ అదే మాట అంది. నాకు అర్థం కావడానికి అంతకంటే ఏం కావాలి? అయినా కాలేదు. మొండిఘటం, దీని పీడ విరగడ చెయ్యాలి అనుకున్నానంతే.

ఆ వారంలో గోడమీది తాళం దించి విప్పాను. ఆరు లివర్లలో నాలుగు తీసేశాను. మళ్లీ స్క్రూలు బిగించి ముఖం తుడిచాను. ముఖం మీద ఆరు అన్న అంకె చెక్కుచెదరకుండా మెరుస్తోంది. తీసిన నాలుగూ సీసాలో వెయ్యలేదు, సొరుగులోకి తోసేశాను. ఆరూ ఉంచితే ఎప్పటికీ తెరవలేక ఏడుస్తుంది, ఇది తెరిచి సంబరపడితే ఊరుకుంటుంది, తరవాత చెబుదాంలే అనుకున్నాను.

రెండు ఆదివారాలు పట్టింది. రెండోసారి, గడియ టక్కున వెనక్కి జారగానే అది కొక్కెం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేసి వెక్కివెక్కి ఏడ్చింది. నన్ను కావలించుకుంది. రెండేళ్ల తరవాత.

"అక్కా, నిజం చెప్పు. మా ఇంట్లోది అచ్చం ఇదేనా?"

చెప్పడానికి అదే సమయం. నా మెడమీద దాని కన్నీళ్లు వెచ్చగా పడుతున్నాయి. "అదే. దీని తోబుట్టువే" అన్నాను.

అది మొహం కడుక్కోడానికి వెళ్లగానే డాక్టరు ఆ తాళాన్ని అరచేతిలో ఆడించి చూశాడు.

"మేస్త్రమ్మా, ఇది మరీ తేలిగ్గా ఉందే?"

"పళ్లు చూసుకో డాక్టరూ, తాళాలు నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన కింద పెట్టేశాడు. ఆ తాళాన్నీ, కొక్కేన్నీ, బిగింపు కడ్డీనీ చెల్లెలు గుడ్డలో చుట్టి నడుములో దోపుకుని వెళ్లింది.

తరవాతి ఆదివారం అది రాలేదు. మరిది వచ్చాడు, చంకలో పాపతో. వంగి షట్టరు కిందనుంచి దూరి, బల్లమీద ఒక గుడ్డమూట పెట్టాడు. విప్పితే నా కొక్కెం, నా బిగింపు కడ్డీ. కొక్కెం రెండుగా వంగిపోయింది. కడ్డీకి ఎండిన రక్తం.

"నీ సామాను వదినా. మీ చెల్లెలికి ఇంక వీటితో పనిలేదు."

"అదెక్కడ?"

"ఇంట్లో ఉంది. వేళ్లు తలుపులో పడ్డాయి పాపం." వాడి నోరంతా నవ్వే. "నీ చేత్తో వేసిన తాళం కదా, నిజంగా గట్టిదే వదినా. గురువారం పొద్దుట ఎనిమిదినుంచి నేను భోజనానికి వచ్చేదాకా గీకుతూనే ఉంది. కదిలితే ఒట్టు. దొంగ తాత కూడా తియ్యలేడన్నావే, ఇక దొంగపెళ్లాం ఏం తీస్తుంది?"

ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. స్కేలుకి తల కప్పుకోవడం, మణికట్టులో దిగిన గోళ్లు, అన్నీ. చెయ్యి బల్లమీద సుత్తి కోసం తడుముకుంది. పాప వాడి మెడ చుట్టూ చేతులేసి నావైపే చూస్తోంది. ఆ పిల్లని ముందుకి జరిపి పట్టుకున్నాడు వాడు.

"ఆ రోజు పదిమందిలో నాలుగు పీకావు. నేను మర్చిపోలేదు వదినా. పీకు, ఇప్పుడు పీకు."

పుట్టి బుద్ధెరిగాక నేను చెయ్యి ఆపుకున్నది అదే మొదటిసారి. పళ్లు బిగించి నిలబడ్డాను, దవడలు నొప్పెట్టాయి.

లేచింది పళ్ల డాక్టరు. తాపీగా జేబులోంచి చిన్న అద్దం తీశాడు.

"ఏదీ పాపా, ఆ అను. అయ్యయ్యో, వెనక పన్ను పుచ్చిపోయినట్టుందే. వెలుతుర్లోకి రా తల్లీ."

పాప చేతులు చాచింది. మరిది తటపటాయించాడు. "పెద్ద డాక్టరుగారయ్యా, ఊరికే చూస్తానంటున్నారు, నీ అదృష్టం" అన్నాడు హెడ్మాస్టరు, తరగతిలో మాట్లాడినంత గంభీరంగా. పదిమందిలో పెద్దమనిషి అనిపించుకోవడం వాడికున్న జబ్బు. పిల్లని అందించాడు. డాక్టరు ఆ పిల్లని భుజాన వేసుకుని, షట్టరు కింద వంగి వీధిలోకి దాటిపోయాడు. వెంటనే హెడ్మాస్టరు షట్టరుని నేలదాకా లాగి కాలితో తొక్కిపెట్టాడు.

నేను బల్లమీది ఇత్తడి తాళం పైవంకీలో వేళ్లు దూర్చి, గుప్పెట బిగించి, వాడి నోటిమీద కొట్టాను. ముందు పళ్లు రెండు బల్లమీద రాలాయి. వాడు రక్తం ఉమ్మి నా గొంతు పట్టుకున్నాడు. నా తలని బల్ల అంచుకున్న ఇనప పట్టుకి వేసి కొట్టాడు. చెవి చీలి మెడంతా తడిసిపోయింది. పొట్టలో మోకాలితో పొడిచాడు. ఊపిరి ఆడలేదు. చేతికి ఇనుము అరగదీసే ఆకురాయి దొరికితే దాని మొనని వాడి ముంజేతిలో దించాను. గావుకేక పెట్టి వదిలాడు. ఈలోగా హెడ్మాస్టరు స్టూలెత్తి వాడి వీపుమీద విరగ్గొట్టాడు. ముప్పై ఏళ్లు పిల్లల్ని కొట్టకూడదని ఆపుకున్న కోపమంతా ఆ స్టూల్లో ఉంది కాబోలు. వాడు బోర్లా పడ్డాడు.

నేను వాడి కుడి మణికట్టుమీద కాలు వేసి తొక్కాను. చేతిలోకి సుత్తి ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఈ చేత్తోనేనా?"

"వదినా, తప్పైపోయింది వదినా..."

కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు సుత్తి పిడిదాకా వచ్చింది. రెండోసారి ఎత్తేసరికి హెడ్మాస్టరు సుత్తి పట్టుకు లాగేశాడు. "చాలు మేస్త్రమ్మగారూ! ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లండి. వీడిమీద నేను కూర్చుంటాను, పోలీసులొచ్చేదాకా లేవను" అని, నిజంగానే వాడి వీపుమీద చతికిలబడ్డాడు. నేను వాడి జేబులోంచి తాళంచెవి లాక్కుని పరిగెత్తాను.

నాలుగు వీధులు. మూడు అంతస్తులు. చెవినుంచి కారే రక్తం జాకెట్టులోకి పోతోంది. నెత్తుటి తడికి తాళంచెవి చేతిలో నిలవక రెండుసార్లు జారిపడింది. లోపల చడీ చప్పుడూ లేదు. మూడోసారికి తిరిగింది.

తలుపు తోసి అడుగు పెట్టానో లేదో ఇనప పెనం నా భుజంమీద పడింది. చెల్లెలు తలుపు చాటునుంచి ఎడమచేత్తో విసిరిన దెబ్బ అది. వాడే అనుకుంది. మళ్లీ ఎత్తింది.

"నేనే! నేనే!" అని అరిచాను.

పెనం కిందపడింది. నా మొహం, నా చెవి, నా చేతులు చూసింది. "పాప?" అంది.

"డాక్టరు దగ్గరుంది. భద్రంగా ఉంది. వాడు లేవలేడు."

గోడకి జారగిలబడి కూర్చుంది. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది. నేను విప్పబోతే వద్దంది. విప్పాను. మూడు వేళ్లు నల్లగా ఉబ్బిపోయి, ఒకటి పక్కకి తిరిగిపోయి ఉంది. నాలుగు రోజులుగా అలాగే ఉంచాడు, ఆస్పత్రి మాటే లేదు.

గది మధ్యలో నేలమీద నేనిచ్చిన తాళం విప్పి పడుంది. చెంచా కాడతో ఎడమచేత్తో స్క్రూలు తిప్పి విప్పిందట, శుక్రవారమంతా కూర్చుని. పక్కన టీ సాసరులో రెండు లివర్లు.

"దీనిమీద ఆరని ఉంది కదక్కా" అంది. గొంతులో ఏడుపు లేదు. "లోపల రెండే ఉన్నాయేం?"

నేను సాసరులోంచి ఆ రెండు లివర్లనీ చేతిలోకి తీసుకున్నాను.

అదే చెప్పుకుపోయింది. "ఆయన వెళ్లగానే పాపకి చెప్పులు తొడిగాను. బట్టల సంచి తలుపు దగ్గర పెట్టాను. పది నిమిషాల్లో అమ్మ తలుపు తీసేస్తుంది, చప్పుడు చెయ్యకూడదు అన్నాను. నిజంగానే పది నిమిషాల్లో రెండు లివర్లు లేచాయక్కా. గడియ వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. మూడోదొకటి ఉంటుందని నా వేళ్లకి తెలియదుగా. మళ్లీ మొదటినుంచి, మళ్లీ. నా చేతిలోనే ఏదో తప్పుందనుకున్నాను. పది దాటింది, పన్నెండయింది. పాప సంచిమీద తల పెట్టుకుని చెప్పులతోనే నిద్రపోయింది. కొక్కెం లోపల ఇరుక్కుపోయింది. అప్పుడే మెట్లమీద ఆయన బూట్ల చప్పుడు."

"చెప్పకే" అన్నాను.

"విను. కొక్కెం అడ్డంగా ఉండి ఆయన చెవి దూరలేదు. బయటినుంచే మెల్లిగా అన్నాడు, లాగెయ్యి, ఏం అనను అని. లాగేశాను. లోపలికొచ్చి పాపని లేపాడు, చూడమని. నా వేళ్లు తలుపు బందు దగ్గర పెట్టి తలుపు మూశాడు. మూడుసార్లు."

నా నోటిలోంచి ఒకే మాట వచ్చింది, నా వృత్తి మాట, సిగ్గులేని మాట. "కొత్తవాళ్లకి అలాగే ఇస్తామే..."

ఎడమచేత్తో నా చెంప పగిలేలా కొట్టింది. చీలిన చెవి వైపే కొట్టింది. కళ్లముందు చీకట్లు కమ్మాయి. జన్మలో నన్ను కొట్టినవాళ్లని తిరిగి కొట్టకుండా వదల్లేదు. అప్పుడు నా చేతులు లేవలేదు.

"నీకింకా రాదే, ఇది తెరవలేవే అని ఒక్క మాట చెప్పుంటే నేను మొదలే పెట్టేదాన్ని కాదు. ఇంకో ఆరు నెలలు నేర్చుకునేదాన్ని. ఏడాది నేర్చుకునేదాన్ని. దెబ్బలు ఓర్చుకోడం నాకు కొత్తా? నన్ను తిట్టావు, కొట్టావు, సరే. సంతోషపెట్టమని నిన్నెవరడిగారక్కా?"

తరవాత పోలీసులు, ఆస్పత్రి, కాగితాలు. వాడి రాలిన పళ్లు పొట్లం కట్టి ఇచ్చేస్తూ, ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా కట్టించుకోమన్నాడట మా డాక్టరు. నామీద కూడా కేసు రాశారు, వాడి చెయ్యి విరగ్గొట్టినందుకు. రాసుకోనీ. చెల్లెలి వేళ్లలో రెండు అతుక్కుంటాయన్నారు, మూడోది వంగదన్నారు. కట్టుతో బయటికొచ్చాక, ఇంకెక్కడికీ పోలేక, పాపని తీసుకుని మా ఇంటికి వచ్చింది.

మేడమీది గది వాళ్లకి సర్దాను. పరుపు వేశాను, కిటికీ తెరిచాను. అది గుమ్మం బయటే ఆగిపోయింది. పాప లోపలికి పోబోతే చొక్కా పట్టుకుని ఆపింది. దాని కళ్లు తలుపుమీదే ఉన్నాయి.

"దీనికి తాళం ఉందా?"

"ఉంది. మామూలుదే. చెవి నీ దగ్గరే పెట్టుకో."

"తీసెయ్."

పనిసంచి తెచ్చాను. దాని ముందే మోకాళ్లమీద కూర్చుని స్క్రూలు విప్పాను, తాళాన్ని తలుపులోంచి ఊడబీకాను, గుమ్మానికున్న గడియ రేకు కూడా పీకేశాను. తలుపులో అరచెయ్యంత తొర్ర మిగిలింది. "అయిపోయిందే. మొత్తం తీసేశాను, ఏమీ లేదు, రా" అన్నాను.

అది నావైపు చూడనైనా లేదు. వంగి, ఎడమచేతి చూపుడువేలు ఆ తొర్రలోకి పోనిచ్చి పైనా కిందా తడిమింది. గుమ్మంలో గడియ పడే గుంతలో కూడా వేలు పెట్టి చూసింది. నేను సుత్తీ స్క్రూడ్రైవరూ పట్టుకుని పక్కన నిలబడ్డాను, మొత్తం తీశానే అని మళ్లీ అన్నాను. అది తలుపు రెండుసార్లు మూసి తెరిచి చూసుకుంది. అప్పుడు పాప చొక్కా వదిలింది.